నలభై ఒక్క వేల సాక్షులు

ఏప్రిల్ 28. సముద్రం 32.3 డిగ్రీలు.

పొద్దున్నే నీటి పలక తోమాను. కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దితే గాని అంచుల్లో పట్టిన నాచు వదలదు. నవదివిలో ఏ ఇంటికైనా ఇది తప్పని పని. పలక ఒక వైపు సముద్రంలో మునిగి ఉంటుంది. రెండో వైపు నుంచి మంచినీళ్ళు చుక్కచుక్కగా బిందెలోకి దిగుతాయి. మునిగిపోయిన దివి పైన, నూట పది పంటుల మీద తేలే ఈ ఊళ్ళో అరవై నాలుగు వేల మందిమి. ఇరవై మూడేళ్ళుగా ఆ నీళ్ళే తాగుతున్నాం.

బిందె లోపల పెడుతుంటే పక్కింటి నాంచారి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"డాక్టరమ్మా, మా పాప పల్లవికి నాలుగు రోజుల నించీ అరికాళ్ళు మండుతున్నయ్యంట. నేల మీద అడుగు పెట్టనీదు. దువ్వెన పెడితే జుట్టు ఊడొస్తంది."

"ఎండలు కదమ్మా" అన్నాను.

"ఎండలకి జుట్టు ఊడుద్దా?"

నేను మందులిచ్చే డాక్టరుని కాను. నాది రసాయన భౌతికశాస్త్రం. అది నాంచారికీ తెలుసు. అయినా అడుగుతుంది, చదువుకున్నదాన్ని కాబట్టి. ఆసుపత్రి పంటుకి తీసుకెళ్ళమని చెప్పి పంపించాను.

లోపలికొచ్చి కూర్చున్నాక తట్టింది. అరికాళ్ళ మంట, జుట్టు ఊడటం, ఈ రెండూ కలిపి చేసేది నాకు తెలిసి ఒకటే ఉంది. పలకలో ఉప్పుని ఆపే పొర మీద పూసే లోహం. కాని అది నీళ్ళలోకి దిగదు. సముద్రం నలభై డిగ్రీలు కాగినా దిగదని నిరూపించింది నేనే. ఇరవై ఆరేళ్ళ క్రితం, నా ముప్పై ఐదో ఏట. ఈ ఊళ్ళో పిల్లలు బళ్ళో దాన్ని 'మందాకిని హద్దు' అని బట్టీపడతారు.

ఈ మాటలు పాత ల్యాబ్ పుస్తకంలో, పెన్నుతో రాస్తున్నాను. తెర మీద రాస్తే తూకం అనే యంత్రం చదువుతుంది.

ఏప్రిల్ 29. 32.4.

యోహాను దగ్గరికి వెళ్ళాను. కొక్కిలిగడ్డ యోహాను ముప్పై ఏళ్ళు నా ల్యాబ్‌లో పనిచేశాడు. పరికరం ఏదైనా చెవి ఆనించి విని రోగం చెప్పేవాడు. ఇప్పుడు మూడో పంటు మీద పడవ ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. ల్యాబ్ మూసేసినప్పుడు పారేయమన్న సామానులో సగం అతని కొట్టంలోనే ఉంది. లోహాలని పట్టే దీపం, నీళ్ళని కావలసిన వేడి దగ్గర నిలిపే తొట్టి, అన్నీ నూనె గుడ్డ కప్పి దాచాడు.

"నాంచారి ఇంటి పలక నీళ్ళు ఇవి" అని సీసా ఇచ్చాను. "పూత లోహం ఉందేమో చూడాలి."

నా మొహంలోకి ఒకసారి చూశాడు. ఎందుకని అడగలేదు. ఊళ్ళో నీటి పరీక్షలు రోజూ జరుగుతాయి గాని ఈ లోహం కోసం ఎవరూ వెతకరు. వెతకనక్కర్లేదని నా పేపరు చెప్పింది కాబట్టి, పరీక్షల జాబితాలోంచి దాన్ని ఎప్పుడో తీసేశారు.

దీపం వెలిగించి సీసాలోంచి చుక్క వేశాడు. ముల్లు లేచింది. మా ఇంటి నీళ్ళు వేశాడు. కదల్లేదు. నాంచారి వాళ్ళ పలక పంటు లోపలి మడుగు వైపు ఉంటుంది. అక్కడ నీళ్ళు కదలవు. బయటి సముద్రం కంటే ఒక డిగ్రీ పైనే వేడి.

"తర్మామీటరు ఎంతుంది అక్కడ?" అన్నాడు యోహాను.

"ముప్పై మూడున్నర."

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "అప్పుడూ అక్కడే లేచిందిగా అమ్మా" అన్నాడు.

నాకు గుర్తుంది. ఆ రోజుల్లో మేము తీసిన డెబ్బై కొలతల్లో మూడు చుక్కలు గీతకి దూరంగా, పైన పడ్డాయి. మూడూ ముప్పై మూడు దాటాకే. థర్మామీటరు పాడైందనుకుని వాటిని తీసేశాను. ముప్పై మూడు లోపు తీసిన మిగతా అరవై ఏడూ చక్కగా గీత మీద కూర్చున్నాయి. ఆ గీతనే నలభై దాకా పొడిగించాను.

ఇంటికెళ్ళి నాంచారితో, "మీ పలక పాడైంది. మా పలక నీళ్ళు పట్టుకోండి" అన్నాను. అంతకు మించి చెప్పలేదు. ఒక్క పలక రెండిళ్ళకి చాలదని ఇద్దరికీ తెలుసు.

మే 1. 32.7.

రెండు రోజులు యోహాను కొట్టంలోనే ఉన్నాను. కొత్త పలక ముక్కని తొట్టిలో పెట్టి, ముప్పై నుంచి ముప్పై ఆరు దాకా అర డిగ్రీ అర డిగ్రీ పెంచుతూ కొలిచాం. మూడు వేరు వేరు థర్మామీటర్లు పెట్టాం.

ముప్పై మూడు దాకా ఏమీ లేదు. అక్కడి నుంచి ప్రతి అర డిగ్రీకీ లోహం రెండింతలు అవుతోంది. పూతని అంటిపెట్టుకుని కొన్ని అణువుల మందాన నీటి పొర ఒకటి ఉంటుంది. దాని అమరిక కట్టుబడి ఉన్నంత కాలం లోహం కదలదు. ముప్పై మూడు దగ్గర ఆ కట్టు సడలుతుంది. ఇంతే సంగతి. ఇరవై ఆరేళ్ళ క్రితం నేను కనిపెట్టాల్సింది ఇదే. దీన్ని వదిలేసి, కట్టు సడలదని రాసి పేరు తెచ్చుకున్నాను.

వాతావరణ కేంద్రం అంచనా ప్రకారం పన్నెండో తేదీకి సముద్రం 34.5 అవుతుంది. ఊరంతా నాంచారి మడుగు కంటే వేడెక్కుతుంది. ఆ నీళ్ళు వారం రోజులు తాగితే చిన్నపిల్లలూ ముసలివాళ్ళూ పోతారు.

మధ్యాహ్నం నాలుగు పేజీల పేపరు రాసి తూకానికి పంపాను. తూకం అంటే, ఏ మాట నమ్మాలో ఏది నమ్మకూడదో, దాన్ని ఆధారం చేసుకున్న పేపర్ల సంఖ్య బట్టి, అంటే సైటేషన్ల బరువు బట్టి తేల్చే యంత్రం. దొంగ మందుల కబుర్లు నమ్మి జనం వేలల్లో చచ్చిన రోజుల్లో దాన్ని పెట్టారు. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పలకలు పనికిరావని తూకం తేలిస్తేనే మెట్ట ప్రాంతం నుంచి నీటి పడవలు కదులుతాయి. వేరే దారి లేదు.

టీ మరిగేలోగా జవాబు వచ్చింది.

"మీ వాదన బరువు: సున్నా. దీనికి విరుద్ధంగా ఉన్న ప్రామాణిక వాదన బరువు: నలభై ఒక్క వేల మూడు వందల పన్నెండు. రచయిత: పులిగడ్డ మందాకిని. మీ వాదన తిరస్కరించబడింది."

మే 3. 33.0.

నిన్న చేత్తో కాగితాలు రాసి ఏడో పంటు నుంచి పన్నెండో పంటు దాకా అతికించాను. 'లోపలి మడుగుల నీళ్ళు తాగకండి' అని, కింద నా పేరు. సాయంత్రానికల్లా పంటు కాపలావాళ్ళు అన్నీ పీకేశారు. ఇద్దరు ఇంటికొచ్చారు. పెద్దాయన చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరంటే మాకు గౌరవం అమ్మా. కాని బరువు లేని మాట గోడకెక్కించకూడదని చట్టం ఉందిగదండీ."

"అది నా మాటే కదయ్యా."

"పలకలు మంచియని చెప్పింది కూడా మీరేగా. మా పిల్లలు బళ్ళో చదువుకున్నారు. ఇప్పుడు ఏ మందాకినిగారిని నమ్మమంటారు?"

అతన్ని తప్పుపట్టలేకపోయాను.

తూకం నియమాల్లో ఒక సందు ఉంది. బరువున్న పరిశోధకులు నలభై మంది నా కొత్త పేపరుని ఉదహరిస్తే, మనుషుల చేత పరిశీలన జరుగుతుంది. రెండు రోజులుగా అదే పని. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ముప్పై ఒక్క మంది. నాతో కలిసి రాసినవాళ్ళు ఇంకా ఎక్కువ. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. ముందు ఆనందంగా పలకరిస్తారు. పిల్లల గురించి చెబుతారు. సంగతి చెప్పగానే గొంతు మారుతుంది. సున్నా బరువున్న పేపరుని ఉదహరిస్తే వాళ్ళ సొంత బరువు సగానికి పడిపోతుంది. బరువు పడిపోయినవాళ్ళకి ల్యాబ్ ఉండదు.

"నా ల్యాబ్‌లో పదకొండు మంది పనిచేస్తున్నారు మేడమ్. వాళ్ళందరినీ రోడ్డున పడేయలేను" అన్నాడొకడు. ఒకామె, "మీ ఆరోగ్యం ఎలా ఉంది? ఒంటరిగా ఉంటున్నారా?" అని అడిగింది. మతి తప్పిందేమోనని ఆమె అనుమానం.

ఇప్పటికి ఇరవై ఆరు మందిని అడిగాను. ఇద్దరు ఒప్పుకున్నారు. వాళ్ళలో ఒకరికి ఉదహరించేంత బరువే లేదు.

పల్లవిని చూసొచ్చాను. ఇప్పుడు వేళ్ళు కూడా తిమ్మిరెక్కుతున్నాయి. మా నీళ్ళు పట్టుకెళ్తున్నారు గాని అవి వంటకే సరిపోతున్నాయి. పాపకి వాళ్ళ నాయనమ్మ తమ పలక నీళ్ళే పోస్తోంది. ఆవిడ చేతిలో గ్లాసు లాక్కున్నాను. ఆవిడ బిక్కచచ్చిపోయింది.

"ఇయ్యి కాకపోతే ఏం తాగమంటావమ్మా?" అంది.



మే 5. 33.2.

ఫర్హానాని కలిశాను. నా విద్యార్థులందరిలో చురుకైనది. నా పేపరు పట్టుకుని, దాని మీద పలకల రూపకల్పన అంతా కట్టింది. ఇప్పుడు ప్రమాణాల మండలిలో సభ్యురాలు. ఆమెకి ఫోన్ చేయలేదు. మనిషిని చూసి చెప్పాలనుకున్నాను. మండలి పంటు దాకా రెండు గంటలు పడవలో వెళ్ళాను.

నా కొలతలు ఆమె ముందు పెట్టాను. ఫర్హానా ఒక్కో పేజీ చూసింది. రెండోసారి మొదటి నుంచి చూసింది. మధ్యలో ఒకచోట వేలు పెట్టి, "ఇది థర్మామీటరు తప్పు కాదు కదా మేడమ్?" అంది.

"మూడు పెట్టాం."

"నిజమే అయితే..." అని ఆగిపోయింది. ఆమె జీవితమంతా కట్టింది ఆ పేజీ మీద. అది ఊడిపోవటం ఆమె కళ్ళలో చూశాను.

"నువ్వు ఉదహరిస్తే ఇంకో పదిమంది ధైర్యం చేస్తారు ఫర్హానా."

"నలభై అవ్వరు. అయినా పరిశీలన సంఘం కూర్చోవటానికే ఆరు వారాలు పడుతుంది. పన్నెండో తేదీ అంటున్నారు కదా మీరు."

"మరి ఇంకేం దారుంది?"

ఆమె లేచి కిటికీ తలుపు వేసింది. తర్వాత నా పక్కన కూర్చుని, తెర మీద ఒక దరఖాస్తు తెరిచింది. రచయిత తన పేపరు తానే వెనక్కి తీసుకునే దరఖాస్తు. అందులో రెండే గళ్ళు. ఒకటి 'పొరపాటు'. రెండోది 'మోసం'.

"పొరపాటు అని పెడితే వరసలో పడుతుంది. ఇప్పుడు వరస పద్నాలుగు నెలలుంది. మోసం అని పెడితే అదే రోజు కొట్టేస్తుంది. దాని మీద నిలబడ్డవన్నీ కూలతాయి. పలకలు ఆగుతాయి, పడవలు వస్తాయి."

"అయితే పెడతాను."

"వినండి మేడమ్. మోసం చేసినవాళ్ళ పేపరు ఒక్కటే పోదు. మీవి నూట పన్నెండూ పోతాయి. మీ పేరుతో ఏదీ మిగలదు. గడ్డకట్టే నీటి మీద మీరు రాసింది కూడా."

ఆ పేపరుని లోకం పట్టించుకోలేదు. మొత్తం పందొమ్మిది సైటేషన్లు. నేను రాసినవాటిలో మంచిది అదేనని నాకూ ఫర్హానాకీ మాత్రమే తెలుసు. నాలుగేళ్ళు పట్టింది అది.

"నీ సంగతేంటి?" అన్నాను.

"నాదంతా మీ పేపరు మీదే కదా. ఈ కుర్చీ సాయంత్రానికి ఉండదు." కాసేపు చేతుల వంక చూసుకుంది. "పెట్టమని నేను చెప్పలేను. పెట్టొద్దని కూడా చెప్పలేను. ఇంకో సంగతి. మోసానికి సాక్షి కావాలి. కొలతలు తీసినప్పుడు మీ పక్కన ఉన్న మనిషి ప్రమాణం చేసి చెప్పాలి. లేకపోతే ఎవరి మీదో కోపంతోనో, మతి చలించో చేస్తున్నారని తూకం తోసేస్తుంది."

నా పక్కన ఉన్నది యోహాను ఒక్కడే.

మే 7. 33.5.

పల్లవి ఇవాళ గ్లాసు పట్టుకోలేకపోయింది. పాప దాని వంకా, తన వేళ్ళ వంకా చూసింది. ఏడవలేదు. ఆసుపత్రి పంటు మీద ఇలాంటివాళ్ళు యాభై ముగ్గురు. వడదెబ్బ అని రాస్తున్నారు. నీళ్ళు ఎక్కువగా తాగమంటున్నారు. నేను వెళ్ళి అక్కడి డాక్టరు కాళ్ళమీద పడ్డంత పని చేశాను. ఆయన తూకం పుటలు తెరిచి నా పేపరే నాకు చూపించాడు.

అక్కడి నుంచి తిన్నగా యోహాను కొట్టానికి వెళ్ళాను. అతను ఇంజను విప్పి ముందు పరుచుకుని ఉన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. దరఖాస్తు సంగతి, సాక్షి సంగతి.

"అంటే నేనేం చెప్పాల?" అన్నాడు.

"ఆ మూడు కొలతలూ నేను కావాలని దాచానని. మోసం చేశానని."

"ప్రమాణం చేసి?"

"అవును."

అతను తల అడ్డంగా ఊపాడు. యోహాను ఆదివారం ఇంజను ముట్టుకోని మనిషి. నేను అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అబద్ధమే యోహానూ. నాకు తెలుసు. పొరపాటు చేశాను గాని మోసం చెయ్యలేదని నీకు తెలుసు, నాకు తెలుసు. కాని ఆ యంత్రానికి నిజం చెబితే పద్నాలుగు నెలలు పడుతుంది. ఐదు రోజులే ఉంది. నా కోసం ఎప్పుడూ ఏదీ అడగలేదు నిన్ను. ఈ ఒక్క అబద్ధం చెప్పు." అతని చేతులు పట్టుకున్నాను. గ్రీజు నా చేతులకంటింది. నాకు ఏడుపొచ్చింది. ఎన్నేళ్ళయిందో మనిషి ముందు ఏడ్చి.

యోహాను చేతులు విడిపించుకోలేదు.  బయట ఎవరో పడవ కట్టేస్తున్న చప్పుడు.

"నేను తల ఊపింది అబద్ధమని కాదమ్మా" అన్నాడు చివరికి.

నాకర్థం కాలేదు.

"ఆ రోజు వాన. కరెంటు పోతా వస్తా ఉంది. మీరు కుర్చీలో కూచుని ఆ మూడు చుక్కల వంక అట్టా చూస్తానే ఉండారు. నేనన్నాను, తర్మామీటరు మార్చి మళ్ళా కొలుద్దాం అమ్మా అని. కొత్తది పెట్టెలోంచి తీసి చేత్తో పట్టుకునే ఉండా. మీరేమన్నారో గుర్తుందా?"

"లేదు."

"'కొలిస్తే మళ్ళా ఇవే వస్తాయి యోహానూ. కొలవొద్దులే' అన్నారు."



"నేను అలా అనలేదు" అన్నాను.

"అన్నారమ్మా. ఆ వారంలో ఊరు కట్టాలా వద్దా అని తేలాల. దివి జనం కట్టల మీద పట్టా గుడిసెలేసుకుని మూడేళ్ళు. మెట్టోళ్ళు ఇంకో రకం పొర పట్టుకుని పోటీకొస్తన్నారు. సముద్రం అప్పుడు ముప్పై ఒకటి కూడా లేదు. ముప్పై మూడు ఎప్పుడవుద్దిలే అనుకున్నారు మీరు. నేనూ అనుకున్నా. మీ మీద తప్పు మోపటానికి కాదు చెప్తంది. అబద్ధం సాక్ష్యం చెప్పమంటన్నారే, అందుకని. అది అబద్ధం కాదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు మర్చిపోయారని తెలిసింది. మీటింగుల్లో తర్మామీటరు కత చెప్తంటే, నిజంగానే నమ్మి చెప్తన్నారు. మర్చిపోయిన మనిషికి గుర్తు చెయ్యటం ఎట్టా?" అతను నేల చూపులు చూశాడు. "నేనూ నోరు మూసుకున్నా. నా మాట కూడా రాయించండి అందులో."

గుర్తు తెచ్చుకోవాలని ఈ సాయంత్రం అంతా ప్రయత్నించాను. వాన గుర్తొచ్చింది. అతని చేతిలో కొత్త థర్మామీటరు, దాని చుట్టూ ఊడదీయని కాగితం గుర్తొచ్చాయి. నా మాట గుర్తు రాలేదు. కాని ఆ కాగితం ఎందుకు ఊడదీయలేదో ఇంకో కారణం చెప్పుకోలేకపోయాను.

మే 8. 33.6.

పొద్దున పదిన్నరకి మండలి పంటు మీద దరఖాస్తు పెట్టాం. నేను నిన్నటిదాకా అనుకున్నట్టు త్యాగం ఏమీ చెయ్యలేదు. చేసింది చేశానని గడిలో గుర్తు పెట్టాను. యోహాను బైబిలు మీద చెయ్యి పెట్టి, వానతో మొదలుపెట్టి అంతా చెప్పాడు. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఆమోదించబడింది" అని వచ్చింది. తర్వాత గోడ మీది తెరలో నా సైటేషన్ల అంకె తగ్గటం మొదలైంది. నలభై వేలు. ముప్పై నాలుగు. అంకెలు కంటికి ఆనలేదు. ప్రతి అంకె వెనుకా ఎవరో ఒకరు నన్ను నమ్మి రాసుకున్న ఒక వాక్యం. భోజనాల వేళకి సున్నా. ఆ తర్వాత మిగతా పేపర్లు ఒక్కొక్కటే పోయాయి. గడ్డకట్టే నీటి పేపరు ఎప్పుడు పోయిందో చూడలేదు. చూడకూడదనుకుని బయటికొచ్చేశాను.

ఫర్హానా వసారాలో నిలబడి ఉంది. ఆమె మెడలోని గుర్తింపు బిళ్ళ అప్పటికే నల్లగా ఆరిపోయింది.

"పడవలకి కబురెళ్ళింది. మొదటిది ఎల్లుండి చేరుతుంది" అంది.

"ఫర్హానా..."

"తెలుసా మీకు? అప్పుడే తెలుసా?"

"తెలుసు."

నిన్నటి దాకా ఆమె నన్ను మేడమ్ అనని రోజు లేదు. ఇవాళ ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. మూడు గంటలకి ఊళ్ళో సైరన్ మోగింది. పలకలన్నీ కట్టేశారు.

మే 10. 34.1.

మనిషికి రోజుకి రెండు గ్లాసులు. ఊరికి ఆపద వస్తేనే తెరిచే వాన తొట్లలో నిల్వ ఉన్నది అంతే. మొదటి పడవ సాయంత్రం వచ్చింది. జనం ఎగబడి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆసుపత్రిలో నలుగురు చనిపోయారు. ముగ్గురు ముసలివాళ్ళు, ఒక ఏడు నెలల పసివాడు. వాళ్ళ పేర్లు కనుక్కుని ఈ పుస్తకం వెనుక అట్ట మీద రాసుకున్నాను.

నా తలుపు మీద పేడ నీళ్ళు కొట్టారు. కడగలేదు.  కాపలా పెద్దాయన దారిలో ఎదురైతే నేను తల దించుకున్నాను. ఆయన పక్కకి తప్పుకున్నాడు, గౌరవంగా కాదు.

పడవలోంచి ఫర్హానా పంపిన మనుషులు ఇద్దరు దిగారు. చేతిలో చీటీ. 'మీ పాత కొలతలు మొత్తం పంపండి, తీసేసినవి కూడా. మొదటి నుంచి కొలవాలి.' కింద సంతకం లేదు. యోహాను కొట్టంలోంచి దీపం, తొట్టి పడవలోకి ఎక్కించాం. ముప్పై మూడు ల్యాబ్ పుస్తకాలు ఇచ్చాను. ఆ వాన రోజుది కూడా ఇచ్చాను. తిరిగి చదువుకోలేదు.

మే 13. 34.6.

సముద్రం ఇవాళ ముట్టుకుంటే స్నానానికి కాచిన నీళ్ళలా ఉంది. పలకలు పనిచేస్తూ ఉంటే ఈ వారంలో ఎంతమంది పోయేవాళ్ళో లెక్క కట్టగలను. కట్టలేదు. ఆ లెక్క చూసుకుని ఊరట పొందే హక్కు నాకు లేదు.

చెయ్యి పడిపోయినవాళ్ళని, నడవలేనివాళ్ళని మెట్ట ఆసుపత్రికి తరలిస్తున్నారు. నాంచారి పల్లవిని తీసుకుని రేవు దగ్గర వరసలో నిలబడింది. పాపకి ఇప్పుడు జుట్టు లేదు. నేను వాళ్ళ సంచీ మోసుకెళ్ళాను. వద్దనలేదు. 

వరస ముందుకు జరిగాక నా వైపు తిరిగింది.

"అందరూ ఏదేదో చెప్తన్నారు. మీ నోటితో వినాలని ఉంది. ఈ నీళ్ళు మంచియి కాదని మీకెప్పుడు తెలిసింది?"

మా పలక నీళ్ళు పట్టుకోమన్న రోజు తేదీ చెప్పొచ్చు. అది అబద్ధం కాదు. ఆమె కూడా ఆ తేదీ కోసమే ఎదురుచూస్తోందనుకుంటాను. పద్నాలుగు రోజులైతే క్షమించటానికి వీలుంటుంది.

"ఇరవై ఆరేళ్ళ క్రితం" అన్నాను.

నాంచారి మొహంలో కోపం కనబడలేదు. లెక్క కుదరక తికమకపడుతున్న మనిషిలా ఉంది.

"అప్పటికి నేనింకా పుట్టలేదు డాక్టరమ్మా" అంది.

సంచీ నా చేతిలోంచి తీసుకుంది. పల్లవిని భుజాన వేసుకుని పడవెక్కింది. పాప మొహం నా వైపే ఉంది. చేతులు రెండూ తల్లి వీపు మీద వేలాడుతున్నాయి, దేన్నీ పట్టుకోకుండా.